చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందా? ఏ సెన్సర్ ఇంట్లో మార్చుకోవచ్చు, ఏది షెడ్డుకు వదిలేయాలి

డ్యాష్‌బోర్డులో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. షెడ్డులో స్కానర్ పెడతారు, ఫలానా సెన్సర్ అని కోడ్ వస్తుంది, సెన్సర్ మార్చేస్తారు. వారం తిరగకుండానే అదే లైటు మళ్లీ వెలుగుతుంది. వారంటీ దాటిన కారున్న ఇళ్లలో ఇది తరచూ వినే గోల. కోడ్‌లో వచ్చిన పేరునే జబ్బు అనుకోవడం వల్ల వచ్చే తిప్పలివి. ఉదాహరణకు పీ0118 వచ్చిందంటే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ సర్క్యూట్లో వోల్టేజీ ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉందని ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, చెబుతోంది, అంతే. సెన్సర్ లోపల తెగిందా, కప్లర్ (వైరును సెన్సర్‌కు కలిపే ప్లగ్గు) వదులైందా, వైరును ఎలుక కొరికిందా అన్నది దానికి తెలియదు. మూడింటికీ అదే కోడ్ వస్తుంది.

అందుకే ఏ సెన్సర్ కొనాలన్నది చివరి ప్రశ్న. దేంతో పరీక్షించాలి, ఏది మన చేత్తో విప్పొచ్చు అన్నవి ముందు తేలాలి. ఇక్కడ రాసింది ప్రధానంగా బీఎస్4, బీఎస్6 (పొగ కాలుష్య ప్రమాణాలు) చిన్న పెట్రోల్ కార్ల గురించి. బండి ఇంకా వారంటీలో ఉంటే ఇదంతా పక్కన పెట్టి నేరుగా కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లండి. మనం విప్పిన కప్లర్‌ను సాకుగా చూపించి క్లెయిమ్ కాదనే అవకాశం వాళ్లకు ఎందుకివ్వాలి? ఇంకో మాట. లైటు నిలకడగా వెలుగుతుంటే మెల్లగా ఇంటికి చేరొచ్చు. అదే లైటు మిణుకు మిణుకుమంటూ, ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంటే బండి పక్కకు ఆపేయాలి. మండని పెట్రోల్ సైలెన్సర్ లైనులో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది. దాని ధర ముందు ఏ సెన్సర్ ధరైనా చిల్లరే.

పైసా ఖర్చు లేని పరీక్ష ముందు

బానెట్ ఎత్తి కళ్లతో చూడటాన్ని చాలామంది పనిగా లెక్కపెట్టరు. సెన్సర్ అనుకున్న ఫిర్యాదుల్లో చాలా వాటికి మందు మాత్రం అక్కడే దొరుకుతుంది. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా పేరుకుందా, బాడీకి వెళ్లే ఎర్తింగ్ వైరు బిగువుగా ఉందా, ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజిన్‌కు వెళ్లే పైపు క్లాంపు ఊడిందా, సన్నని వాక్యూమ్ గొట్టాలకు పగుళ్లున్నాయా అని చూడండి. వానాకాలంలోనూ, బానెట్ కింద ప్రెషర్ వాష్ చేయించిన మర్నాడూ కప్లర్లలో నీళ్లు ఉంటాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్లో పెట్టే కార్లకైతే ఎలుకలే మొదటి అనుమానితులు. ఇంజిన్ కవర్ మీద ఎలుక పెంటికలు, కొరికిన పీచు కనిపిస్తే సెన్సర్ జోలికి పోకుండా ముందు ఆ వైర్ల కట్టను పట్టి చూడండి.

బ్యాటరీ వోల్టేజీ కూడా ఇప్పుడే చూసేయండి. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజిన్ నడుస్తుంటే దాదాపు 13.8 నుంచి 14.5 మధ్య. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోయే ముసలి బ్యాటరీ ఉంటే ఒకదానికొకటి సంబంధం లేని కోడ్‌లు నాలుగైదు ఒకేసారి వస్తాయి. అలాంటప్పుడు అన్ని సెన్సర్లూ కలిసి పోయాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

అడాప్టరా, హ్యాండ్ స్కానరా, షెడ్డులో స్కానింగా

2013 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్4 కార్లకూ, ఆ తర్వాతి బీఎస్6 కార్లకూ ఓబీడీ-2 అనే సొంత తనిఖీ వ్యవస్థ ఉంటుంది. స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ కనిపిస్తుంది. అంతకంటే పాత బండికి సాకెట్ ఉన్నా చవక పరికరాలతో అది మాట్లాడుతుందన్న భరోసా లేదు. అలాంటి బండికి కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న షెడ్డే దారి.

ఆన్‌లైన్‌లో ఎక్కువగా అమ్ముడయ్యేది, ఆ సాకెట్‌లో గుచ్చి ఫోన్‌తో కలుపుకునే ఈఎల్ఎం327 బ్లూటూత్ అడాప్టర్. కొన్ని వందల నుంచి వెయ్యి, పదిహేను వందల దాకా ఉంటుంది. ఫోన్లో టార్క్ గానీ కార్ స్కానర్ గానీ అనే యాప్ వేసుకుంటే కోడ్‌లతో పాటు లైవ్ డేటా, అంటే సెన్సర్లు ఆ క్షణంలో పంపే అంకెలు, కూడా కనిపిస్తుంది. అసలు విలువంతా ఆ లైవ్ డేటాలోనే ఉంది. చిక్కల్లా నకిలీ చిప్‌లతోనే. ‘వెర్షన్ 1.5’ అని గొప్పగా రాసి అమ్మేవి చాలా ఉంటాయి కానీ, ఆ చిప్ తయారుచేసిన కెనడా సంస్థ ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అసలు ఆ నంబరుతో వెర్షన్ విడుదలే చేయలేదు. నకిలీదైనా మీ బండితో కలిస్తే మామూలు పనికి సరిపోతుంది. కలవకపోతే వాపసు ఇచ్చేలా రిటర్న్ సౌకర్యం ఉన్నచోటే కొనండి. ఐఫోన్ ఉన్నవాళ్లు వైఫై రకం గానీ ‘బ్లూటూత్ లో-ఎనర్జీ (బీఎల్ఈ)’ రకం గానీ చూసుకోవాలి, పాత బ్లూటూత్ రకం ఐఫోన్‌తో పనిచేయదు.

చేతిలో పట్టుకునే స్కానర్‌కు ఫోన్ గొడవ ఉండదు, కనెక్షన్ గట్టిగా ఉంటుంది. అయితే మరీ చవకవి కోడ్ నంబరు చూపించి ఊరుకుంటాయి. లైవ్ డేటా లేని స్కానర్‌కు డబ్బు పెట్టడం దండగ, ఆ నంబరు షెడ్డులో కూడా చెబుతారు. బండి జోలికి ఏడాదికోసారి కూడా వెళ్లనివాళ్లకు షెడ్డులో స్కానింగ్ చేయించుకోవడమే లాభం. కాకపోతే రెండు అడగాలి. కోడ్ చెరిపేసే ముందు స్క్రీన్‌ను ఫొటో తీసుకోనివ్వమనండి. ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా చూపించమనండి. కోడ్ పడిన క్షణంలో స్పీడు, ఆర్‌పీఎం, ఇంజిన్ వేడి ఎంతున్నాయో అందులో ఉంటుంది. కోడ్ చెరిపితే అదీ పోతుంది.

నా ఓటు అడాప్టర్‌కూ, దాని పక్కన ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్‌కూ. అడాప్టర్ ఎక్కడ అనుమానించాలో చెబుతుంది, మల్టీమీటర్ ఆ అనుమానాన్ని తేలుస్తుంది. రెండూ కలిపినా చాలా బండ్లలో ఒక ఆక్సిజన్ సెన్సర్ ధర కాదు.

కూలెంట్ సెన్సర్: ఇంట్లో మొదలుపెట్టడానికి ఇదే మంచిది

రెండే వైర్లు, ధర తక్కువ, చాలా బండ్లలో చేతికందే చోటే ఉంటుంది. ఇది చల్లగా ఉంటే రెసిస్టెన్స్ ఎక్కువ, వేడెక్కే కొద్దీ తక్కువ. చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర రెండు, రెండున్నర కిలో ఓంలు, 80 డిగ్రీల దగ్గర మూడొందల ఓంల చుట్టూ చూపిస్తుంది.

పొద్దున్నే స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి యాప్‌లో కూలెంట్ టెంపరేచర్, లోపలికి వెళ్లే గాలి టెంపరేచర్ రెండూ చూడండి. రాత్రంతా ఆగిన బండిలో రెండూ దాదాపు సమానంగా, బయటి వాతావరణానికి దగ్గరగా ఉండాలి. మే నెలలో విజయవాడలో కూలెంట్ మైనస్ 40 అని చూపిస్తే అది చలి కాదు, సర్క్యూట్ ఎక్కడో తెగింది. అప్పుడు కప్లర్ ఊడదీసి, వైర్ల వైపున్న రెండు పిన్నులను సన్నని తీగతో కలపండి. యాప్‌లో అంకె ఒక్కసారిగా 130 దాటి ఎగిరితే వైరింగ్, ఈసీయూ బాగున్నట్టే. తప్పు సెన్సర్‌దో, కప్లర్ పిన్ను వదులవడమో అయి ఉండాలి. అంకె కదలకపోతే వైరు తెగింది, కొత్త సెన్సర్ పెట్టినా లాభం లేదు. దీనికి తిరగబడిన కేసులో, అంటే చల్లటి ఇంజిన్ 130 అని చూపిస్తుంటే, కప్లర్ ఊడదీస్తే చాలు. మైనస్ 40కి పడితే సెన్సర్ లోపల షార్ట్ ఉంది. పడకపోతే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. తీగతో కలిపే ఈ పరీక్ష రెండు వైర్ల టెంపరేచర్ సెన్సర్లకు మాత్రమే. మూడు వైర్ల సెన్సర్‌కు చేస్తే 5 వోల్టుల లైనును ఎర్త్ చేసి ఈసీయూకే ముప్పు తెస్తారు.

మార్చేటప్పుడు ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. చాలా కార్లలో ఈ సర్క్యూట్ తప్పితే ఫ్యాన్ దానంతటదే తిరుగుతూ ఉంటుంది కాబట్టి చేతులు పెట్టేముందు తాళం ఆఫ్ చేసి, బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. పాత సెన్సర్ ఊడదీయగానే కాస్త కూలెంట్ కారుతుంది. కొత్తదాన్ని వాషర్ లేదా ఓ-రింగ్‌తో సహా వెంటనే పెట్టి, అదే రకం కూలెంట్‌తో నింపండి. ఒక పూట నడిపాక లెవెల్ మళ్లీ చూడండి.

ఆక్సిజన్ సెన్సర్: డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే

సైలెన్సర్ లైనులో పొగలోని ఆక్సిజన్‌ను కొలిచేది ఇది. పీ0171 వచ్చింది, అంటే పెట్రోల్, గాలి మిశ్రమంలో గాలి ఎక్కువైంది. చాలాచోట్ల వెంటనే ఆక్సిజన్ సెన్సర్ మార్చమంటారు. నిజానికి ఆ సెన్సర్ తన పని చేసి, ఉన్నదున్నట్టు చెప్పబట్టే ఆ కోడ్ వచ్చి ఉండొచ్చు. గాలి గొట్టం లీకు, తగ్గిన ఫ్యూయెల్ ప్రెషర్, మూసుకుపోయిన ఇంజెక్టర్, ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే మానిఫోల్డ్ దగ్గర సైలెన్సర్ లీకు, వీటిని తోసిపుచ్చాకే సెన్సర్ వంతు. యాప్‌లో ఫ్యూయెల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) చూడండి. ప్లస్ మైనస్ 10 శాతం లోపల ఉంటే కంగారు అక్కర్లేదు. పెట్రోల్‌లో ఇథనాల్ 10 నుంచి 20 శాతానికి పెరిగితే ట్రిమ్ నాలుగు శాతం వరకూ ప్లస్ వైపు జరగడం సహజమే, ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది మరి. ఐడ్లింగ్‌లో ట్రిమ్ బాగా పెరిగి, 2500 ఆర్‌పీఎం దగ్గర తగ్గిపోతే గాలి లీకునే వెతకండి.

పీ0135 కథ వేరు. అది సెన్సర్ లోపలి హీటర్ గురించి. ముందు ఫ్యూజు చూడండి, తర్వాత సెన్సర్ కప్లర్ ఊడదీసి ఒకే రంగులో ఉన్న రెండు వైర్ల మధ్య ఓంలు కొలవండి. మామూలుగా అవే హీటర్ వైర్లు. కొద్ది ఓంలు చూపిస్తే హీటర్ బతికే ఉంది. అసలేమీ చూపించకపోతే తెగింది, నిశ్చింతగా సెన్సర్ కొనొచ్చు. పీ0420 అయితే దాదాపు క్యాటలిటిక్ కన్వర్టర్ వ్యవహారమే, వెనక సెన్సర్ మారిస్తే తీరడం అరుదు.

మామూలు రకం ముందు సెన్సర్ ఇంజిన్ వేడెక్కాక 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగాలి. ఒకేచోట నిలబడిపోయి, యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కినా కదలకపోతే అనుమానించాలి. కొన్ని కొత్త బండ్లలో వైడ్‌బ్యాండ్ రకం ఉంటుంది, దానికి ఈ లెక్క వర్తించదు.

విప్పడం విషయానికొస్తే, మానిఫోల్డ్ రేడియేటర్ వైపు ఉండి పైనుంచి అందితే ఇంట్లో చేయొచ్చు. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) వైపు ఉన్నా, కింద పడుకుని విప్పాల్సి వచ్చినా షెడ్డుకే వదిలేయండి. జాకీ ఒక్కదాని మీద ఆనించిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. విప్పడానికి వైరు దూరేలా చీలిక ఉన్న 22 ఎంఎం సాకెట్ కావాలి, మామూలు పానాతో అంచులు అరిగిపోతాయి. ముందురోజు రాత్రి తుప్పు వదిలించే నూనె కొట్టి, ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు ప్రయత్నించండి. తుప్పుకు మరతో సహా ఊడి వస్తే కొత్త మర వేయించడానికి లేత్ షాపుకు పరుగెత్తాలి. సముద్ర తీరం ఊళ్లలో తిరిగే బండ్లకు ఈ భయం ఎక్కువ. మొరాయిస్తే బలం చూపించకుండా అక్కడే ఆగండి. కొత్త సెన్సర్ మొనకు గ్రీజు, సిలికోన్ సీలెంట్ తగలకూడదు. మరకు రాయాల్సిన పేస్టు మంచి కంపెనీలు చాలావరకు ముందే రాసి పంపుతాయి.

మ్యాప్, మాఫ్: కొనేముందు కడగండి

చాలా చిన్న పెట్రోల్ కార్లలో, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్‌లో ప్రెషర్ కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. గాలి మొత్తాన్ని కొలిచే మాఫ్ డీజిల్ కార్లలో ఎక్కువ కనిపిస్తుంది. మ్యాప్‌ను పరీక్షించడం చాలా తేలిక. తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా రీడింగ్ చూడండి. బయటి గాలి ప్రెషరే అది చూపించాలి. విశాఖలో 100 కిలోపాస్కల్స్ దగ్గర, ఎత్తు మీదున్న హైదరాబాద్‌లో 95 దగ్గర ఉంటుంది. హైదరాబాద్‌లో 95 చూసి పాడైందనుకోకండి. వేడెక్కిన ఇంజిన్ ఐడ్లింగ్‌లో 30, 40 మధ్యకు దిగాలి. దిగకపోతే సెన్సర్ కంటే ముందు వాక్యూమ్ లీకును అనుమానించాలి.

రెండిటికీ మొదటి మందు శుభ్రం చేయడం. మాఫ్‌కు ప్రత్యేకమైన స్ప్రే దొరుకుతుంది, అదే వాడండి. కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టొద్దు, లోపలి సన్నని తీగను దూదితో తుడవొద్దు. పూర్తిగా ఆరాకే పెట్టాలి. దీనికి పది నిమిషాలు కూడా పట్టదు, సగం కేసుల్లో పికప్ తిరిగొచ్చినా ఆశ్చర్యం లేదు.

క్రాంక్, క్యామ్, ఇక మిగతావి

వేడి మీద బండి హఠాత్తుగా ఆగిపోయి, చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతోందంటే ఇంజిన్ తిరుగుడును ఈసీయూకు చెప్పే క్రాంక్ సెన్సర్ పేరు ముందు వినిపిస్తుంది. ఆగిపోయిన ఆ సమయంలోనే సెల్ఫ్ కొడుతూ యాప్‌లో ఆర్‌పీఎం చూడండి. సెల్ఫ్ తిరుగుతున్నా ఆర్‌పీఎం సున్నా దగ్గరే ఉంటే క్రాంక్ సిగ్నల్ రావడం లేదన్నమాట. సెల్ఫ్‌కు 150, 200 అంకెలు కనిపిస్తుంటే ట్యాంకు నుంచి పెట్రోల్ పంపే ఫ్యూయెల్ పంపు వైపు వెతకండి.

సెన్సర్ ఒకే బోల్టు మీద ఉంటుంది కానీ, చాలా బండ్లలో గేర్‌బాక్స్ దగ్గర కిందా మూలా ఉంటుంది. చెయ్యి దూరితే మీరే చేసుకోండి, లేదంటే వద్దు. మార్చాక స్కానర్‌తో రీలెర్న్ (కొత్త సెన్సర్‌ను ఈసీయూకు అలవాటు చేయడం) చేయాల్సిన మోడళ్లు కొన్ని ఉన్నాయి, అది ముందే తెలుసుకోండి. వాల్వులను తెరిచే షాఫ్టును గమనించే క్యామ్ సెన్సర్ మాత్రం చాలా ఇంజిన్లలో పైనే ఉంటుంది. ఇన్‌టేక్‌కు ఒకటి, ఎగ్జాస్ట్‌కు ఒకటి, రెండూ ఒకే పార్ట్ నంబరువి ఉంటే ఇంకా మంచిది. ఒకదాని చోట ఒకటి మార్చి పెట్టి నడపండి. పీ0340 కాస్తా పీ0365 అయితే తప్పు సెన్సర్‌దే. కోడ్ కదలకపోతే వైరింగ్‌ది.

యాక్సిలరేటర్ పెడల్, ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బాడీ సెన్సర్లు ఇంటి పనులు కావు. మానిఫోల్డ్ కింద దాగి, ఇంజిన్ లోపలి టకటకను పసిగట్టే నాక్ సెన్సర్ కూడా అంతే. డీజిల్ కామన్ రెయిల్ లైన్లను (ఇంజెక్టర్లకు డీజిల్ తీసుకెళ్లే గొట్టాలను) ఏ కారణం చేతా విప్పొద్దు. ఇంజిన్ నడుస్తుంటే అందులో ప్రెషర్ వెయ్యి బార్ కూడా దాటొచ్చు, ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది.

పార్ట్ ఎక్కడిది కొనాలి

కంపెనీ డబ్బాలో వచ్చే సెన్సర్‌ను చాలావరకు బాష్, డెన్సో, ఎన్‌టీకే, కాంటినెంటల్ లాంటి సంస్థలే తయారుచేసి ఇస్తాయి. మీ పాత సెన్సర్ మీద ఆ పేరే ఉంటే, అదే సంస్థ సొంత డబ్బాలో అమ్మేది తక్కువకు దొరకొచ్చు. ఆక్సిజన్ సెన్సర్‌కు ఈ దారి నాకు నచ్చుతుంది, తేడా డబ్బు చెప్పుకోదగ్గదే ఉంటుంది. కూలెంట్ సెన్సర్‌కు కంపెనీ పార్టే తీసుకోండి, మిగిలేది పెద్దగా లేదు. క్రాంక్ సెన్సర్‌కూ కంపెనీ పార్టే. హైవే మధ్యలో బండి ఆపేసే వస్తువు మీద రెండొందలు మిగుల్చుకోవడం ఎందుకు? వైర్లు కోసి అతికించే యూనివర్సల్ ఆక్సిజన్ సెన్సర్లు ఎంత చవకైనా వద్దు, అతుకు దగ్గరే మళ్లీ తంటా మొదలవుతుంది. స్క్రాప్ బండి నుంచి తీసిన ఆక్సిజన్ సెన్సర్ కూడా వద్దు. అదీ మీదాని వయసుదే.

సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో కొనేవాళ్లు మోడల్ పేరు చెప్పి ఊరుకోకుండా పాత సెన్సర్‌ను చేతపట్టుకుని వెళ్లండి. ఒకే మోడల్‌లో ఏడాది మారితే పార్ట్ నంబరు మారుతుంది. డబ్బా మీద ఎంఆర్‌పీ, సెన్సర్ మీద చెక్కిన నంబరు రెండూ సరిచూసి, బిల్లు అడగండి. చాలా దుకాణాల్లో ‘ఎలక్ట్రికల్ ఐటమ్ వాపసు లేదు’ అంటారు. పరీక్షించకుండా కొనొద్దని ఇంతసేపు చెప్పిందీ ఇందుకే.

మార్చాక

కోడ్ చెరిపి, రెండు మూడు రోజులు మామూలుగా తిప్పండి. తెగిన సర్క్యూట్ లాంటి తప్పులైతే తాళం ఆన్ చేయగానే బయటపడతాయి. మిశ్రమానికి సంబంధించినవి వరసగా రెండు ప్రయాణాల్లో కనిపిస్తేనే చాలా బండ్లలో లైటు వెలుగుతుంది. అందుకని మొదటి రోజే పార్టీ చేసుకోకండి. అదే కోడ్ తిరిగి వస్తే రెండో సెన్సర్ కొనకుండా, ఫ్రీజ్ ఫ్రేమ్ ఫొటో, మీరు కొలిచిన అంకెలు తీసుకుని మెకానిక్ కంటే ముందు మంచి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి. కప్లర్ నుంచి ఈసీయూ దాకా ప్రతి వైరుకూ కంటిన్యూటీ, అంటే మధ్యలో ఎక్కడా తెగలేదని, చూడమనండి, చూసేటప్పుడు వైర్ల కట్టను కదిలిస్తూ చూడమనండి.